బాలల కథలలో ఇంటి సామగ్రి

ఏడు చేపల కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు నిన్నమొన్నటి వరకు చాలా అరుదు. రాజుగారి కొడుకులు ఏడుగురు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెస్తారు. వాటిని ఎండబెడితే ఆరు ఎండుతాయి, ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదని అడిగితే ఆ చేప గడ్డిమేటు అడ్డం వచ్చిందంటుంది. గడ్డిమేటును అడిగితే ఆవు మేయలేదంటుంది. ఆవు పాలేరు మీద, పాలేరు అన్నం పెట్టని అమ్మ మీద, అమ్మ ఏడ్చిన పిల్లవాని మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద నేరం మోపుతారు. చీమ మాత్రం ఎవరి మీదా నెపం వేయక, తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ఉంటానా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ప్రాంతాన్ని బట్టి అమ్మకు బదులు అవ్వ, పాలేరుకు బదులు గొల్లవాడు రావచ్చు గాని, కథ నడక మారదు.

ఈ కథను చాలామంది పసిపిల్లల నోరు తిరగడానికి, జ్ఞాపకశక్తి పెరగడానికి పనికివచ్చే గొలుసుకథగా మాత్రమే పరిగణిస్తారు. అది నిజమే గాని సగం నిజం. ఇందులోని జవాబులలో చేప, గడ్డిమేటు, ఆవు, చీమ మాట్లాడడం తప్ప కల్పన ఏమీ లేదు. పల్లెటూరి రైతు ఇంటిలో ఒక ఉదయం జరిగే పనుల వరుస అది. చేపలను నిలవ చేయడానికి ఉప్పు, ఎండ తప్ప వేరే సాధనం లేని కాలం. పెరటిలో చేపలు ఎండబెట్టే చోటికి పక్కనే ఏడాదికి సరిపడే గడ్డిమేటు ఉంటుంది. పశువులు మేస్తున్నకొద్దీ అది తరుగుతుంది, దాని నీడ కూడా కురచ అవుతుంది. పశువును విప్పి మేపవలసినవాడు పాలేరు. అతనికి పొద్దున్నే చద్దన్నం పెట్టవలసింది ఇంటి ఇల్లాలు. ఆమె చంకలో పిల్లవాడు ఉన్నాడు. వాడు ఏడిస్తే ఆమె చేతులు ఆగిపోతాయి. ఆ చేతులు ఆగితే పాలేరు కదలడు, ఆవు కదలదు, గడ్డి తరగదు, నీడ తొలగదు, చేప ఎండదు. ఒక చీమ కాటుకు ఇంటి పని మొత్తం నిలిచిపోయిందన్న సంగతి, ఆ ఇంటి పని తెలిసినవారికి ఎంత నవ్వు తెప్పిస్తుందో, తెలియనివారికి అంత తెప్పించదు. వారికి ప్రశ్నల లయ మాత్రం మిగులుతుంది.

ఇందులో మరో చమత్కారం ఉంది. ఈ కథలోని రాజుగారికి కోటలేదు, సేనలేదు. ఆయన కొడుకులు చేపలు తెచ్చి స్వయంగా ఎండబెట్టుకుంటారు. ఇంటి ముందు గడ్డిమేటు, ఒక ఆవు, ఒక పాలేరు ఉన్నారు. అంటే ఆ రాజు కాస్త కలిగిన రైతు. కథ చెప్పిన అవ్వకు తెలిసిన ఇల్లు అదొక్కటే. ఆ ఇంటికే ఆమె కిరీటం పెట్టింది.

మన ప్రబంధకవులు పద్దెనిమిది వర్ణనలను కావ్యానికి అవసరమని భావించారు. పురము, సముద్రము, ఋతువులు, చంద్రోదయము, యుద్ధము మొదలైనవి వాటిలో ఉన్నాయి. వంటఇంటికి ఆ పట్టికలో స్థానం లేదు. అయినా ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విష్ణుచిత్తుని ఇంటి ఆతిథ్యాన్ని చెప్పేటప్పుడు, వానకాలంలో తడిసిన కట్టెలు మండవు గనుక ఎండిన కొబ్బరిడొక్కలతో వంట సాగించిన సంగతిని మరచిపోలేదు. చక్రవర్తి అయిన కవి పొయ్యి దాకా వెళ్ళి చూశాడన్నమాట. అయితే కావ్యంలో అది వర్ణన. పిల్లల కథలో వస్తువుకు వర్ణన ఉండదు. ఉట్టి ఎలా ఉందో, ఎన్ని పేటల తాడుతో అల్లారో కథ చెప్పేవారు ఎన్నడూ చెప్పలేదు. వినేవారి నెత్తి మీదనే అది వేలాడుతూ ఉండేది కాబట్టి ఆ అవసరం రాలేదు. పనిపడినప్పుడు వస్తువు పేరు ఒక్కసారి వినబడుతుంది, కథ ముందుకు సాగుతుంది. ఈనాటి పాఠకునికి వచ్చిన చిక్కు ఇక్కడే ఉంది. వస్తువు ఇంటిలోనుంచి వెళ్ళిపోయింది, పేరు మాత్రం కథలో నిలిచింది.

ఉట్టినే తీసుకొందాం. పోతన భాగవతం దశమస్కంధంలోని బాలకృష్ణుని కథలు తెలుగు ఇళ్ళలో పిల్లల కథలుగానే చెలామణి అయ్యాయి. యశోద పెరుగు చిలుకుతూ ఉంటుంది. ఆకలిగొన్న బాలుడు వచ్చి కవ్వం పట్టుకొంటాడు. ఆమె ఒడిలోకి తీసుకొని పాలిస్తూ ఉండగా పొయ్యిమీది పాలు పొంగుతాయి. బిడ్డను దింపి ఆమె అటు పరుగెత్తుతుంది. బిడ్డకు కోపం వచ్చి రాతితో పెరుగుకుండ పగులగొట్టి, లోపలికి పోయి, బోర్లించిన రోలు ఎక్కి, ఉట్టిలోని వెన్న తీసి కోతికి పెడతాడు. పొంగుతున్న పాలను చూసి పరుగెత్తని తల్లి ఏ కాలంలోనూ ఉండదు కాబట్టి ఆ భాగం ఈనాటివారికీ తెలుస్తుంది. ఉట్టి మాత్రం నేటి పిల్లలకు కృష్ణాష్టమినాడు వీధిలో కొట్టే ఆటవస్తువు. పాలు, పెరుగు, వెన్న, వండిన అన్నం – వీటిని చీమలకు, పిల్లులకు, ఎలుకలకు అందకుండా ఇంటి దూలానికి వేలాడదీసేవారు. ఇంటిలో ఉన్నవాటిలో అందనిది, అందకూడనిది అదొక్కటే. ఎగిరి అందుకోవాలని ప్రతి పిల్లవానికీ ఉండేది. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందన్న సామెత పుట్టింది కూడా ఆ ఎత్తును అందరూ రోజూ కళ్ళతో కొలుచుకొనేవారు కాబట్టే. వైకుంఠవాసి అయినవాడు రోలు వేసుకొని ఉట్టి అందుకొన్నాడని వింటే, ఆ సామెత తెలిసిన శ్రోతకు కలిగే ఆనందం వేరు.

అదే రోటికి తల్లి అతనిని కట్టివేస్తుంది. ఏ తాడు తెచ్చినా రెండు అంగుళాలు తక్కువ. ఇంటిలోని తాళ్ళన్నీ ముడివేసినా చాలదు. ఇక్కడ గుర్తుంచుకోవలసింది, అది గొల్లపల్లె. దూడల పలుపులు, కవ్వపు తాళ్ళు, ఉట్టి తాళ్ళు – ఆ ఇంటిలో తాడుకు ఎప్పుడూ కొదువ ఉండదు. అలాంటి ఇంటిలో తాడు చాలలేదంటేనే అది వింత. ఆ తరువాత బాలుడు రోటిని ఈడ్చుకొంటూ రెండు మద్దిచెట్ల నడుమ దూరతాడు. నేలలో పాతిన రాతిరోలును మనసులో ఉంచుకొన్న విద్యార్థికి ఇది అర్థం కాదు. సంస్కృతంలో ఉలూఖలమని పిలిచేది ప్రధానంగా కర్రతో చేసిన దంపుడు రోలు. బోర్లించవచ్చు, దొర్లించవచ్చు, రెండు చెట్ల మధ్య అడ్డం తిరిగి ఇరుక్కోగలదు. ఆ రోలు స్వరూపం తెలిస్తే మద్దిచెట్లు ఎలా కూలాయో కంటికి కనిపిస్తుంది.

ఇక పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను చూద్దాం. 1853లో వెలువడిన ఈ గ్రంథం తరతరాల తెలుగు విద్యార్థులకు పాఠ్యపుస్తకం. మిత్రలాభంలో హిరణ్యకుడనే ఎలుక తన పూర్వకథ చెబుతుంది. చూడాకర్ణుడనే సన్న్యాసి తినగా మిగిలిన అన్నాన్ని పాత్రలో ఉంచి, ఆ పాత్రను చిలుకకొయ్య మీద పెట్టి నిద్రపోతాడు. ఎలుక చప్పుడు కాకుండా దాని మీదికి ఎగిరి అన్నం తింటూ ఉంటుంది. సంస్కృత మూలాలలో ఈ కొయ్యకు నాగదంతమని పేరు. గోడలోనుంచి ఏనుగు దంతంలాగ ముందుకు పొడుచుకొని వచ్చే మేకు అది. తెలుగు ఇళ్ళలోని కొయ్యలకు చివర చిలుక ఆకారం చెక్కడం పరిపాటి. చిన్నయసూరి నాగదంతం అన్న మాటను అలాగే దించుకోవచ్చు. ఆయన సంస్కృతానికి వెనుకాడే రచయిత కాదు. అయినా పక్కింటి గోడ మీది చిలుకకొయ్యను తెచ్చి కథలో పెట్టాడు. ఏనుగు పోయి చిలుక వచ్చింది, కథ తెలుగు ఇంటిలో దిగింది. ఆయన వ్యాకరణ పాండిత్యాన్ని మెచ్చుకొన్నంతగా ఇటువంటి చూపును మెచ్చుకొన్నవారు తక్కువ.

ఈ కొయ్య కథలో అలంకారం కాదు, కొలబద్ద. ఎలుక అంత ఎత్తుకు ఎలా ఎగురుతున్నదని సన్న్యాసి వద్దకు వచ్చిన అతిథికి సందేహం కలుగుతుంది. ఏదో కారణం ఉండాలని కలుగు తవ్విస్తే, ఎలుక కూడబెట్టిన ధనం బయటపడుతుంది. ఆ ధనం పోయిన తరువాత ఎలుక బలం ఉడిగిపోతుంది. పంచతంత్రంలో అది మళ్ళీ పాత్రను అందుకోవాలని ఎగిరి, అందుకోలేక నేల మీద పడుతుంది. ధనమదం, దారిద్ర్యదుఃఖం అనే పెద్ద విషయాలను కథ ఒక మేకు ఎత్తుతో కొలిచి చూపింది. హితోపదేశంలో సన్న్యాసి ఎలుకను బెదరించడానికి నేల మీద కొట్టేది పగిలిన వెదురుకర్ర. గట్టి కర్ర కాకుండా పగిలినది ఎందుకు? చీలిన వెదురు బద్దలు ఒకదానికొకటి తగిలి పెద్ద చప్పుడు చేస్తాయి. దానిని వాడేది కొట్టడానికి కాదు, బెదరగొట్టడానికే.

ఆ అతిథి తన సందేహాన్ని సమర్థించుకోవడానికి పంచతంత్రంలో ఒక చిన్న కథ చెబుతాడు. గృహవస్తువు తెలియకపోతే కథ పూర్తిగా మూగబోతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒక పేద బ్రాహ్మణుని ఇంటిలో పర్వదినానికి అతిథికి పెట్టడానికి కొద్దిపాటి నువ్వులు తప్ప మరేమీ లేవు. ఇల్లాలు వాటిని వేడినీటిలో నానబెట్టి, నలిచి, పొట్టు తీసి, ఎండబెడుతుంది. ఇంతలో ఒక కుక్క వచ్చి వాటిని మైలపరుస్తుంది. ఆమెకు ఏమీ తోచక, ఆ నువ్వుపప్పును పొరుగింటికి తీసుకుపోయి, దీనికి బదులు పొట్టు తీయని నువ్వులు ఇవ్వమని అడుగుతుంది. పొరుగింటి ఆమె సంతోషంగా ఒప్పుకోబోతుంది. పక్కనున్న కొడుకు వారిస్తాడు. పొట్టు తీసినవి ఇచ్చి తీయనివి అడుగుతున్నదంటే కారణం లేకుండా ఉండదని అతని తర్కం.

అంగడిలో తెల్లని నువ్వులు పొట్లంలో కొనుక్కొనే పాఠకుడు ఇక్కడ ఆగిపోతాడు. నువ్వులకు నువ్వులు మార్చుకొంటే అనుమానం దేనికి? నువ్వుల పొట్టు తీయడం ఎంత శ్రమో ఎరిగినవారికి మాత్రమే ఈ బేరంలోని వింత తడుతుంది. నానబెట్టాలి, పొట్టు ఊడేదాకా నలవాలి, నీళ్ళలో పదేపదే కడగాలి, ఎండబెట్టాలి, చేటతో చెరగాలి. గింజ అతి చిన్నది, చేతిలో నిలవదు. పూట పట్టే పనిని ఎవరైనా ఉచితంగా ధారపోస్తారా? ఎలుక అంత ఎత్తు ఎగరడం ఎంత అసహజమో, పొట్టు తీసిన నువ్వులిచ్చి తీయనివి అడగడం అంత అసహజం. కార్యం ఉన్నచోట కారణం ఉంటుందన్న తర్కశాస్త్ర విషయాన్ని రచయిత చేటలోని నువ్వులతో బోధించాడు. రాజనీతి నేర్వవలసిన రాజకుమారులకు వంటఇంటి లెక్క కూడా తెలిసి ఉండాలని ఆయన ఉద్దేశమేమో!

వస్తువు మారితే కథ ఎలా మారుతుందో చూడడానికి సత్తుపిండి కుండ కథ చాలా అనుకూలమైనది. వేయించిన యవలు విసిరి చేసిన పిండి సత్తు. వండనక్కరలేదు, నీళ్ళలో కలుపుకొని తినవచ్చు, చాలాకాలం చెడదు. బిచ్చమెత్తుకొనే బ్రాహ్మణుడు దానిని కుండనిండా కూడబెట్టగలిగాడంటే కారణం అదే. అన్నమైతే మరునాటికి పాచిపోయేది, కలగనడానికి వ్యవధి ఉండేది కాదు. పంచతంత్రంలో ఆయన ఆ కుండను నాగదంతానికి తగిలించి, దాని కిందనే మంచం వేసుకొని, రెప్పవేయకుండా దానినే చూస్తూ పడుకొంటాడు. కరవు వస్తే పిండిని నూరు రూకలకు అమ్ముతాడు. మేకలు, ఆవులు, గేదెలు, గుర్రాలు, బంగారం, మేడ, పెళ్ళి, కొడుకు అన్నీ వరుసగా వస్తాయి. పాకుతూ గుర్రాల దగ్గరకు పోయే పిల్లవాణ్ణి పట్టుకోమని భార్యను కేకవేస్తాడు. ఆమె ఇంటిపనిలో మునిగి వినిపించుకోదు. కోపంతో ఒక తన్ను తన్నుతాడు. కుండ పగిలి పిండి మీద పడి ఒళ్ళంతా తెల్లబడుతుంది. మంచం, కుండ ఒకదాని కింద ఒకటి ఉండడం వల్లనే పడుకొన్నవాని కాలు దానికి అందింది. ఆ అమరిక లేకపోతే కథ లేదు.

హితోపదేశంలో ఇదే కథ వేరొక చోట జరుగుతుంది. దేవశర్మ అనే బ్రాహ్మణునికి సంక్రాంతినాడు మూకుడు నిండా సత్తు దొరుకుతుంది. ఎండకు తాళలేక కుమ్మరి పందిరిలో, కుండల నడుమ పడుకొంటాడు. పిండిని కాపాడుకోవడానికి చేతిలో కర్ర ఉంది. అతని ఊహలో నలుగురు భార్యలు, వారి జగడాలు. వారిని కొట్టబోయి విసిరిన కర్రకు తన మూకుడుతోపాటు కుమ్మరి కుండలు కూడా పగులుతాయి. కుమ్మరి మెడపట్టి బయటికి గెంటుతాడు. మొదటి కథలో తన సొత్తు మాత్రమే పోయింది. రెండవ కథలో పగటికలకు పరుల కష్టార్జితం బలి అయింది. కుమ్మరి సారె మీద ఆ కుండలు ఎంత పనికి నిలబడ్డాయో తెలిసిన పాఠకుడు దేవశర్మ మీద జాలిపడడు. రెండింటిలోనూ భార్య దెబ్బలకు పాత్రురాలు కావడం నేటి పాఠకునికి రుచించదు, రుచించనక్కరలేదు. ఆనాటి ఇంటిలో కుండలు, మంచాలతోపాటు ఆ కర్ర కూడా ఉంది. ఒకటి చూపి మరొకటి దాచడం సరికాదు.

ఈ కథ భారతదేశం దాటి పోయింది. పంచతంత్రాన్ని 6వ శతాబ్దంలో పారశీక చక్రవర్తి ఖుస్రూ అనూషిర్వాన్ కాలంలో పహ్లవీ భాషలోకి, 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబ్బీలోకి అనువదించారు. అరబ్బీ కథలో కుండలోనిది సత్తు కాదు, నేయి, తేనె. అది సన్న్యాసి తల మీదుగా వేలాడుతూ ఉంటుంది. కర్ర ఎత్తగానే పగిలి నెత్తిమీద కారుతుంది. పొడిపిండికి, జిడ్డుకు ఉన్న తేడా ఊహించుకొన్నవారికి అరబ్బీ కథకుని కొంటెతనం తెలుస్తుంది. 1678లో ఫ్రెంచి కవి లా ఫోంతేన్ తన రెండవ కథాసంపుటిని ప్రకటిస్తూ, అందులోని కథలలో అధికభాగానికి భారతీయ జ్ఞాని పిల్పేకు ఋణపడి ఉన్నానని రాశాడు. ఆ సంపుటిలో కలలుగనేది పెర్రెట్ అనే పాలమ్మి. మంచం లేదు, కొయ్య లేదు. పాలకుండను నెత్తిన పెట్టుకొని పట్టణానికి నడుస్తున్నది. కోడిగుడ్లు, కోళ్ళు, పంది, ఆవు, దూడ – ఆమె ఊహ ఇలా పోతుంది. దూడ గంతు తలచుకొని తానూ గంతువేస్తుంది, పాలు నేలపాలవుతాయి. త్వరగా నడవడానికి ఆమె కురచ దుస్తులు, మడమ ఎత్తులేని చెప్పులు వేసుకొన్నదని, కుండ కింద చిన్న మెత్త పెట్టుకొన్నదని కవి చెబుతాడు. ఆ మెత్త తెలుగు గొల్లభామకు కొత్త కాదు. ఆమె దానిని చుట్టకుదురు అంటుంది. ఒక కథ వేయిమైళ్ళు తిరిగినా ఎక్కడికక్కడ ఆ ఊరి వంటఇంటి పాత్రనే చేతబట్టుకొన్నది.

తెలుగు జానపద కథలకు తిరిగివస్తే, రాకుమారుడు ఏ ఊరు వెళ్ళినా పేదరాశి పెద్దమ్మ ఇంటిలోనే దిగుతాడు. ప్రతి కథలోనూ ఆమె ఎందుకు రావాలని పిల్లలు అడుగుతారు. కాలినడకన, గుర్రం మీద ప్రయాణాలు సాగిన రోజులలో ఊరూరా డబ్బు తీసుకొని పూటకు కూడు పెట్టే ఇళ్ళు ఉండేవి. అవే పూటకూళ్ళ ఇళ్ళు. వచ్చేపోయే బాటసారులందరూ అక్కడ తింటారు గనుక ఊరి రహస్యాలన్నీ ఆ ఇంటి యజమానురాలికి తెలుస్తాయి. రాజకుమార్తె ఏ మేడలో ఉందో, ఏ దారిలో రాక్షసుడున్నాడో ఆమె చెప్పగలగడం మంత్రమహిమ కాదు. వృత్తిధర్మం. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లులోని అటువంటి ఇంటి భోజనం కనిపిస్తుంది. గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు – ఇవన్నీ ఒక రూకకు దొరికేవట. ఆ విస్తరిలో మిరపకాయ లేదు, ఉండదు. అది పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది 16వ శతాబ్దంలో. కాశీమజిలీ కథలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు కూడా ఈ ప్రయాణ జీవితాన్నే కథలకు ఆధారం చేసుకొన్నాడు. కాశీకి నడిచిపోయే యతి, వెంట వచ్చిన గొల్ల పిల్లవానికి ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ చెబుతాడు. వంట అయి, భోజనం ముగిసి, నిద్రకు ముందు ఖాళీ దొరికితేనే కథ. రైలులో కాశీ చేరే యాత్రికునికి మజిలీ ఉండదు, ఆ కథలు పుట్టవు.

పాత కథలను నేటి పిల్లలకు తిరిగి చెప్పేవారు రెండు విధాలుగా పొరబడుతున్నారు. కొందరు తెలియని మాట కనిపించగానే తీసివేస్తారు. ఉట్టి బదులు అలమర, పూటకూళ్ళ ఇంటి బదులు హోటలు పెడతారు. అలమర తలుపు తీయడానికి రోలు ఎక్కనక్కరలేదు, హోటలు యజమాని రాజకుమారుని బిడ్డలాగ చూసుకోడు. 1957లో దశాంశ నాణేలు వచ్చిన తరువాత దమ్మిడీ, కాని, అణా వాడుకలోనుంచి క్రమంగా తొలగిపోయాయి. పిసినారి కథలో దమ్మిడీకి బదులు రూపాయి అని మార్చితే, ఆ కాలపు రూపాయికి 192 దమ్మిడీలు గనుక, పిసినారి కాస్తా దాత అవుతాడు! మరికొందరు దీనికి వ్యతిరేకంగా, ప్రతి వస్తువుకూ పేజీలకొద్దీ వివరణ ఇస్తారు. పిల్లవాడు ఉట్టి అల్లే పద్ధతి నేర్చుకొనేలోగా కృష్ణుడు వెన్న తిని వెళ్ళిపోతాడు. ఈ రెండింటి నడుమ సులువైన మార్గం బొమ్మ. 1947 జూలైలో ప్రారంభమైన చందమామ దశాబ్దాల తరబడి ఆ పని చేసింది. అందులోని చిత్రకారులు రాజును ఎంత శ్రద్ధగా గీశారో, పేదవాని గుడిసెలోని కుండల దొంతిని, గోడకు ఆనించిన చేటను అంత శ్రద్ధగానూ గీశారు. పత్రిక ఇప్పుడు వెలువడకపోయినా ఆ బొమ్మలను మరచిపోని పాఠకులు ఎందరో ఉన్నారు.

హైదరాబాదు శిల్పారామంలో గ్రామజీవనాన్ని ప్రదర్శించే ఇళ్ళు, పనిముట్లు ఉన్నాయి. అక్కడి వస్తువుల పక్కన నిలబడితే వాటి ఆకారం, పరిమాణం తెలుస్తాయి. వాటి వల్ల ఎవరికి ఎప్పుడు పని తగిలిందో, ఎవరి నోరు ఊరిందో, ఎవరి చెయ్యి నొప్పిపెట్టిందో అక్కడ తెలియదు. అందుకు కథ కావాలి. ఉట్టి కింద పిల్లి, మేకు కింద ఎలుక, చేట పక్కన కుక్క ఉన్నది కథలోనే.

పాతకాలపు పిల్లలకు ఏడు చేపల కథలో చేప ఎందుకు ఎండలేదన్నది మొదటి ప్రశ్న. అపార్ట్‌మెంటులో నానమ్మ ఒడిలో కూర్చొని ఈ కథ వినే నేటి పిల్లవాడు అంతకుముందే అడ్డు తగులుతాడు. చేపలను ఎండబెట్టడం ఎందుకు, ఫ్రిజ్‌లో పెట్టవచ్చు గదా అంటాడు. ఫ్రిజ్ లేదంటే ఎందుకు లేదంటాడు. కరెంటు లేదంటే అదెందుకు లేదంటాడు. మరి రాత్రిళ్ళు దీపం ఎలాగ అంటాడు. ఆముదం దీపం అంటే ఆముదం ఎక్కడిదంటాడు. చీమ దగ్గరకు చేరడానికి ఆ రాత్రి కాస్త ఆలస్యమవుతుంది.